పులుల రాజ్యంలో గడ్డికుందేలు

అడవిజంతువుల సంరక్షణ గురించి మాట్లాడేవాళ్ళ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే వాదన ఒకటుంది. పులిని కాపాడితే అడవి నిలుస్తుంది, అడవి నిలిస్తే అందులోని చిన్నాచితకా ప్రాణులన్నీ బతికిపోతాయి అన్నది ఆ వాదన. ఇందులో నిజం లేకపోలేదు. దేశంలో ఎన్నో జంతువులు పులి పేరు చెప్పుకునే ఇంతకాలం నెట్టుకొచ్చాయి. అయితే హిమాలయాల పాదాల దగ్గర, మనిషి ఎత్తును మించి పెరిగే గడ్డిలో తలదాచుకునే ఒక కుందేలు విషయంలో ఈ లెక్క తప్పుతోందని నా అభిప్రాయం. పులుల కోసం ఏర్పడిన ఉద్యానాల లోపలే, చాలాచోట్ల ఆ ఉద్యానాల సిబ్బంది చేతుల మీదుగానే, దాని నివాసం ఏటా చలికాలంలో కాలి బూడిదవుతోంది. దాన్ని కాపాడాలంటే కొత్త చట్టాల కన్నా ముందు గడ్డికి నిప్పు పెట్టే పద్ధతి మారాలి.

ఆ జంతువును ఇంగ్లీషులో హిస్పిడ్ హేర్ అంటారు. అస్సాం కుందేలు అన్న పేరు కూడా వాడుకలో ఉంది. శాస్త్రనామం కాప్రోలాగస్ హిస్పిడస్. 1839లో పియర్సన్ అనే పరిశోధకుడు దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు మామూలు కుందేళ్ళ ప్రజాతిలోనే చేర్చాడు. 1845లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్, ఇది వాటిలో కలవదని గుర్తించి దీనికోసం వేరే ప్రజాతిని ఏర్పరిచాడు. ఆ ప్రజాతిలో నేటికీ ఉన్నది ఈ ఒక్క జాతే. అంటే ఇది పోతే ఒక జాతితో పాటు ఒక వంశవృక్షపు కొమ్మ మొత్తం విరిగిపోయినట్టే. దగ్గరి బంధువును తెచ్చి ఆ ఖాళీలో పెట్టడానికి ఎక్కడా బంధువు లేడు.

దీన్ని నేను ఇక్కడ గడ్డికుందేలు అనే అంటాను. పైన నలుపు, ముదురు గోధుమ రంగులు కలగలిసిన బిరుసు వెంట్రుకలు, వాటి అడుగున పొట్టి మెత్తటి బొచ్చు, రెండున్నర కిలోల దాకా బరువు, అయిదారు సెంటీమీటర్లకు మించని చెవులు, చిన్న కళ్ళు, గోధుమ రంగు పొట్టి తోక. మన మెట్ట పొలాల్లో, తుప్పల్లో కనిపించే కుందేలును, తెలంగాణలో చాలామంది చెవులపిల్లి అని పిలిచేదాన్ని, దీని పక్కన పెట్టి చూస్తే అన్నిటికన్నా ముఖ్యమైన తేడా కాళ్ళలో కనిపిస్తుంది. మన కుందేలు పొడవాటి వెనక కాళ్ళతో బయలు నేల మీద కుక్కను సైతం వెనక్కి నెట్టి పరుగెత్తగలదు. గడ్డికుందేలు వెనక కాళ్ళు ముందు కాళ్ళ కన్నా పెద్దగా పొడవుండవు. కాళ్ళు నాలుగూ కురచగా, దిట్టంగా ఉంటాయి. అది పరుగు మీద ఆధారపడి బతికే జంతువు కాదు, దాక్కోవడం మీద ఆధారపడి బతికే జంతువు. దాని రక్షణ దాని ఒంట్లో లేదు, చుట్టూ ఉన్న గడ్డిలో ఉంది. తరువాత చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం నుంచే పుడుతుంది.

ఆ గడ్డి ఎలాంటిదో చెప్పాలి. దసరా రోజుల్లో గోదావరి లంకల మీద తెల్లగా పూసే రెల్లును చూసినవాళ్ళకు కొంత ఊహ అందుతుంది, ఎందుకంటే ఆ రెల్లు అక్కడా ఉంటుంది. దానితో పాటు దర్భజాతి గడ్డి, వట్టివేరు, నరెంగా, థెమెడా వంటి పొడవాటి గడ్డిజాతులు కలిసి, వానాకాలం ముగిసేసరికి ఏనుగు వెన్ను కూడా కనిపించనంత ఎత్తుకు లేస్తాయి. హిమాలయాల నుంచి దిగే నదులు మైదానానికి రాగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును అక్కడ వదిలేస్తాయి. ఏ ఏడాదికి ఆ ఏడాది పాయలు మారుస్తూ పాత గట్లను కోస్తాయి, కొత్త మేటలు వేస్తాయి. కొత్త మేట మీద ముందు రెల్లు పుడుతుంది, తరువాత మిగతా గడ్డిజాతులు చేరతాయి, ఆ తరువాత సండ్ర, సిస్సూ, బూరుగు వంటి చెట్లు లేస్తాయి. చెట్లు గుబురు కట్టేలోగా నది మళ్ళీ వచ్చి ఆ నేలను కోసుకుపోతుంది. గడ్డి అక్కడ శాశ్వతంగా ఉండేది కాదు, నది ఎప్పటికప్పుడు ఒకచోట చెరిపి మరోచోట పుట్టించేది. అందుకే నదికి కరకట్టలు కట్టి, ఎగువన ఆనకట్టలు కట్టి, పాయ కదలకుండా చేస్తే, ఎవరూ గొడ్డలి పట్టకపోయినా, నాగలి దించకపోయినా, కొన్ని దశాబ్దాలలో ఆ గడ్డి తనంతట తానే అడవిగా మారిపోతుంది.

అయితే నాగలి కూడా దిగింది, అది కూడా భారీగానే దిగింది. ఒకప్పుడు ఈ కుందేలు ఉత్తరప్రదేశ్ నుంచి నేపాల్, ఉత్తర బెంగాల్ మీదుగా అస్సాం దాకా, దక్షిణాన ఢాకా వరకు ఉండేదని పాత రికార్డులు చెబుతున్నాయి. ఆ నేలనంతా తెరాయి, డువార్స్ అని పిలిచే తడి మైదానం ఆక్రమించి ఉండేది, దానికి కాపలాగా మలేరియా ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో డువార్స్‌లో, అస్సాంలో తేయాకు తోటలు వచ్చాయి. 1950, 60 దశకాల్లో డీడీటీతో మలేరియాను అదుపు చేశాక, దేశ విభజనతో ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్న శరణార్థులకు తెరాయిలో భూములు ఇచ్చారు. నేపాల్ వైపు కొండల నుంచి కుటుంబాలు దిగివచ్చి స్థిరపడ్డాయి. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు వరి పండే నేల కావాలి, వరి పండే నేలే గడ్డి పెరిగే నేల. కానీ ఫలితం మాత్రం ఒకటే: ఒకప్పుడు తెగని పట్టీగా ఉన్న గడ్డినేల, ఇప్పుడు ఉద్యానాల సరిహద్దుల లోపల మిగిలిన ముక్కలకు కుదించుకుపోయింది. ఉత్తరప్రదేశ్‌లోని దూధ్వా, నేపాల్‌లోని శుక్లాఫాంటా, బర్దియా, చిత్వన్, ఉత్తర బెంగాల్‌లోని జల్దాపారా, అస్సాంలోని మానస్, భూటాన్‌లోని రాయల్ మానస్, ఇలా పేర్లు చెప్పగలిగినన్నే మిగిలాయి. ఒక ముక్కలో ఉన్న కుందేలు మరో ముక్కకు వెళ్ళే దారి లేదు.

1960 దశకం మధ్యకు వచ్చేసరికి ఈ జాతి అంతరించిందేమోనని నిపుణులు అనుమానించారు. 1971లో వాయవ్య అస్సాంలో, భూటాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న బర్నదీ ప్రాంతంలో ఒకటి ప్రాణాలతో దొరికింది. అదే ఏడాది, అదే చుట్టుపక్కల, అప్పటిదాకా పోయిందనుకున్న మరుగుజ్జు అడవిపంది కూడా మంటల నుంచి పారిపోయి తేయాకు తోటల్లోకి వచ్చి మనుషుల కంటబడింది. ఈ వివరం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది. పోయిందనుకున్న జంతువును మనకు తిరిగి చూపించినది గడ్డికి పెట్టిన నిప్పే, దాన్ని పోగొడుతున్నదీ అదే నిప్పు. ఈ రెండు జంతువుల కోసమని 1980లో బర్నదీని అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 26 చదరపు కిలోమీటర్లు. ప్రకటన అయితే వచ్చింది కానీ ఏటా కాలే గడ్డి కాలుతూనే ఉంది, కోసే గడ్డిని కోస్తూనే ఉన్నారు. 1990 దశకం నాటికి ఏ అడవిపంది కోసం అభయారణ్యం పెట్టారో ఆ పందే అక్కడ కనిపించకుండా పోయింది. నా వాదనకు ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు దొరకలేదు: ఒక జంతువు పేరు మీద గీసిన గీత ఆ జంతువును కాపాడలేకపోయింది, ఎందుకంటే గీత లోపల గడ్డి పరిస్థితి మారలేదు.

ఇప్పుడు కాగితాల మీద దీని స్థితి చూద్దాం. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) ప్రచురించే ఎర్ర జాబితాలో ఇది 1986 నుంచి 'అంతరించే ప్రమాదంలో ఉన్న' జాతుల వర్గంలోనే ఉంది. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు, అంటే చట్టం దృష్టిలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోనూ మొదటి అనుబంధంలోనే ఉంది. వీటిలో ఏదీ అనవసరమని నేను అనను. వేటాడి మాంసానికి చంపేవాళ్ళు ఉన్నారు, కుక్కలను ఉసిగొల్పేవాళ్ళు ఉన్నారు, చట్టం వాళ్ళకు అడ్డు. కానీ ఈ మూడు రక్షణలూ జంతువును చంపేవాడి చేతిని పట్టుకునేవి. గడ్డికుందేలును పెద్ద సంఖ్యలో పోగొడుతున్నది ఆ చేయి కాదు. గడ్డికి అగ్గిపుల్ల గీసేవాడికి కుందేలుతో పగ లేదు, అది అక్కడ ఉందన్న ధ్యాస కూడా లేదు.

ఎర్ర జాబితా విషయంలో ఇంకొక మాట చెప్పాలి. ఈ కుందేలు ఉంటున్న నేల మొత్తం కలిపి 500 చదరపు కిలోమీటర్ల లోపేనని అంతటా రాస్తుంటారు. ఆ అంకె చదివితే ఎవరో కొలిచి తేల్చారనిపిస్తుంది. నిజానికి 500 అనేది ఎర్ర జాబితా నిబంధనల్లో ఆ వర్గానికి పెట్టిన గట్టు: ఒక జాతి వాస్తవంగా ఆక్రమించి ఉన్న నేల 500 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి, అది ముక్కలుగా విడిపోయి, ఇంకా తగ్గుతూ ఉంటే, ఆ జాతిని 'అంతరించే ప్రమాదంలో' చేరుస్తారు, 10 లోపు అయితే అంతకన్నా తీవ్రమైన వర్గంలోకి తోస్తారు. అంటే 10కీ 500కీ మధ్య ఎక్కడున్నా వర్గం ఒకటే. 400 నుంచి 40కి పడిపోయినా జాబితాలో ఒక్క అక్షరం మారదు. దశాబ్దాలుగా అదే వర్గంలో ఉందంటే నిలకడగా ఉందని అర్థం చేసుకోవడం ఎంత ప్రమాదమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మరి దీన్ని ఎలా లెక్కపెడతారు? చాలావరకు పెంటికలను బట్టి. రాత్రిపూట, తెల్లవారుజామున, సాయంత్రం చీకటిపడే వేళ మాత్రమే కదిలే జంతువు, గడ్డి వదిలి బయటికి రాని జంతువు, మనిషి కంట పడడం అరుదు. కాబట్టి పరిశీలకులు గడ్డిలో గీతలు గీసుకుని, ఆ గీత వెంట నడుస్తూ, కొరికి పడేసిన గడ్డి కాడలను, వాటి దగ్గర రాలిన పెంటికలను వెతుకుతారు. ఈ కుందేలు గడ్డి పైపొరను వలిచి లోపలి మెత్తటి భాగాన్ని, మొలకలను, వేళ్ళను తింటుంది. శుక్లాఫాంటాలో పెంటికలను పరీక్షించినవాళ్ళు దర్భజాతి గడ్డి, రెల్లు దీని ఆహారంలో ముఖ్యమైనవని తేల్చారు. చిక్కు ఏమిటంటే అదే ప్రాంతాల్లో మన మామూలు కుందేలు కూడా ఉంటుంది, దాని పెంటికలతో వీటిని పొరబడే అవకాశం ఉంది. పైగా గడ్డి నిలువెత్తున ఉన్నప్పుడు లోపలికి అడుగుపెట్టడమే కష్టం. కాలిపోయాక నడవడం తేలిక, అందువల్ల వెతుకులాట కూడా ఎక్కువగా మంటల తరువాతే జరుగుతుంది. కుందేలు దాక్కునే చోటు పోయాక కుందేలు ఎక్కడుందని వెతకడం ఇది.

చిత్వన్‌లో జరిగినది ఇందుకు తోడు. అక్కడ 1984 తరువాత దీని జాడ నమోదు కాలేదు. 2016 జనవరిలో మళ్ళీ కనిపించింది. మూడు దశాబ్దాలు లేకుండా పోయి తిరిగి వచ్చిందని వార్తల్లో రాశారు. ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టూ పొలాలు, ఊళ్ళు. అది అక్కడే ఉండి ఉంటుంది; చూసినవాళ్ళు లేరు. ప్రపంచమంతా తెలిసిన, ఖడ్గమృగాలను దాదాపు ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఉద్యానంలో ఈ పరిస్థితి.

ఇక నిప్పు సంగతి. నేను మానస్‌కు వెళ్ళినది ఫిబ్రవరిలో. బాన్స్‌బారి గేటు దాటి సాల్ చెట్ల నీడ నుంచి బయటపడ్డాక, ఇరువైపులా నల్లటి నేల మొదలైంది. పెద్ద పెద్ద ఆకులు రాల్చేసిన డిల్లేనియా చెట్లు అక్కడక్కడ మాడిన బెరడుతో నిలబడి ఉన్నాయి. జీపు దిగనిచ్చే కావలి శిబిరం దగ్గర ఒంగి చూస్తే, గడ్డి దుబ్బులు కాలి, అరచేతి ఎత్తు మోళ్ళుగా మిగిలాయి. ఒక్కొక్క మోడు చివర ఏటవాలుగా, చెప్పు అట్టలోకి దిగేంత వాడిగా ఉంది. చేత్తో తాకితే పైపొర మసిగా రాలింది, లోపల మాత్రం ఇంకా లేత పసుపు రంగు చెమ్మ ఉంది. ఆ మోళ్ళ మధ్య నుంచి అప్పుడే వేలెడంత పచ్చిక లేస్తోంది. కాలిన నేల మీద మైనాలు, పాలపిట్టలు పురుగులను ఏరుకుంటున్నాయి. "ఇంకో పది రోజులాగి వస్తే చూడాలి సార్, ఇదంతా పచ్చగా అయిపోతుంది, జింకలన్నీ ఇక్కడికే దిగుతాయి," అని గైడు ఉత్సాహంగా చెప్పాడు. ఇందులో ఉండే చిన్న జంతువులు ఎటు పోతాయని అడిగితే, దూరంగా వాగు వెంట కాలకుండా మిగిలిన సన్నటి గడ్డి పట్టీ చూపించి, అక్కడ తడి ఉంటుంది కాబట్టి మంట ఆగిపోతుందని, అన్నీ అందులో దూరతాయని అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మంటలప్పుడు గడ్డికుందేళ్ళు బురద నేలల్లోకి, వాగు ఒడ్డు గడ్డిలోకి చేరతాయని అధ్యయనాలు కూడా చెబుతాయి. కాకపోతే ఆ పట్టీలోకి చేరేది కుందేళ్ళు మాత్రమే కాదు. నక్కలకు, అడవిపిల్లులకు, పైన తిరిగే గద్దలకు కూడా ఆ సంగతి తెలుసు. విశాలమైన గడ్డిలో పలుచగా పరుచుకుని ఉన్న జంతువులన్నీ ఒక సన్నటి పట్టీలో ఇరుక్కున్నప్పుడు, పరుగెత్తలేని జంతువు గతి ఏమవుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. అదీ అక్కడికి చేరగలిగినవాటి సంగతి. చలికాలం చివర్లో చూలుతో ఉన్న ఆడ కుందేళ్ళు దొరికిన దాఖలాలు ఉన్నాయి. కాన్పుకు ఒకటి నుంచి మూడు పిల్లలకు మించి ఈనని జంతువు ఇది. కుందేలంటే పుట్టలు పుట్టలుగా పెరుగుతుందన్న మన నమ్మకం దీనికి వర్తించదు. ఈనే రోజుల్లోనే ఇల్లు తగలబడితే, ఆ ఏడాది పెరుగుదల అంతటితో సరి.

ఇంతా చదివాక ఎవరికైనా తోచే పరిష్కారం ఒకటే: నిప్పు పెట్టడం మానెయ్యాలి. నేను దానితో ఏకీభవించను. నది పాయలు మార్చడం తగ్గిపోయిన చోట, గడ్డి అడవిగా మారకుండా ఆపుతున్నది ఇప్పుడు చాలావరకు మంటే. పూర్తిగా ఆపేస్తే మొదట్లో దట్టంగా పెరుగుతుంది, ఎండు గడ్డి ఏళ్ళ తరబడి పేరుకుంటుంది, ఏదో ఒక ఏప్రిల్‌లో ఎవరి చుట్ట నిప్పో అంటుకుని మొత్తం ఒకేసారి పోతుంది. అలా కాకపోతే బూరుగు, డిల్లేనియా మొలకలు పైకి లేచి గడ్డిని నీడతో చంపేస్తాయి. మంటకు మరో హక్కుదారు కూడా ఉంది. బెంగాల్ ఫ్లోరికన్ అనే పక్షి, అది కూడా అంతరించిపోతున్నదే, జతకోసం మగపక్షి గాలిలోకి ఎగిరి విన్యాసాలు చేయడానికి కురచ గడ్డిని వెతుక్కుంటుంది. కాలి చిగిర్చిన నేలే వేసవిలో దానికి రంగస్థలం. కుందేలు కోసం గడ్డంతా నిలువుగా ఉంచితే ఫ్లోరికన్‌కు చోటుండదు.

కాబట్టి ప్రశ్న కాల్చాలా వద్దా అన్నది కాదు. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్నది. డిసెంబరు, జనవరి తొలిరోజుల్లో గడ్డిలో ఇంకా తడి ఉన్నప్పుడు పెట్టిన మంట మెల్లగా సాగుతుంది, అక్కడక్కడ ఆగిపోతుంది, కాలని దుబ్బులు మిగులుతాయి, వేసవిలోగా గడ్డి కొంత ఎత్తుకు తిరిగి లేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో పెట్టిన మంట ఎండిపోయిన గడ్డిని మూలం దాకా ఊడ్చిపారేస్తుంది, దాని వెనకాలే వానలు, వరదలు వచ్చేస్తాయి. ఒకే ఉద్యానంలో ఒక భాగాన్ని ఈ ఏడాది, పక్క భాగాన్ని వచ్చే ఏడాది, మూడో భాగాన్ని ఆ పై ఏడాది కాల్చి, మధ్యలో గడ్డి చెక్కేసిన దారులతో మంటను ఆపగలిగితే, ఏ రోజున చూసినా కుందేలుకు దాక్కునే చోటు, ఫ్లోరికన్‌కు ఎగిరే చోటు రెండూ ఉంటాయి. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1990లో ఐయూసీఎన్ ప్రచురించిన కుందేళ్ళ కార్యాచరణ ప్రణాళిక నాటికే నిపుణులకు ఈ చిక్కంతా తెలుసు. తెలియక జరగని పని కాదు ఇది.

మరి ఎందుకు జరగడం లేదు? ఇక్కడే పులి వస్తుంది. మానస్ 1973లో పులుల ప్రాజెక్టు మొదలైనప్పుడు ఎంపికైన మొదటి తొమ్మిది అభయారణ్యాల్లో ఒకటి. పులికి కావలసింది జింకలు. జింకలకు కావలసింది లేత పచ్చిక. ఎత్తయిన ముదురు గడ్డి జింకకు పెద్దగా పనికిరాదు. కాలిన నేల మీద లేచే చిగురే దానికి విందు. పర్యాటకుడికి కావలసింది కంటికి కనిపించే జంతువు. నిలువెత్తు గడ్డిలో ఏనుగు కూడా కనబడదు, కాలిన మైదానంలో అన్నీ కనబడతాయి. కావలి సిబ్బందికి దొంగచాటుగా వచ్చే వేటగాడు కనబడాలి. వీళ్ళ అవసరాలన్నీ నిజమైనవే, అన్నీ ఒకే వైపు లాగుతున్నాయి: ఎక్కువ నేలను త్వరగా, ఒక్క ఊపులో కాల్చెయ్యడం వైపు. ఎదురుగా లాగేవాళ్ళు ఎవరూ లేరు. పులి గొడుగు కింద అన్నీ తడవకుండా ఉంటాయన్న మాట, పులి అవసరమూ చిన్న జంతువు అవసరమూ ఒకే దిక్కున ఉన్నంతవరకే చెల్లుతుంది. ఫిబ్రవరి నెలలో ఆ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి.

గడ్డి కోసే పేదల మీదకు నెపం నెట్టడం ఇంకా తేలిక, అందుకే ఆ మాట తరచుగా వినిపిస్తుంది. చిత్వన్‌లో ఏటా జనవరి ప్రాంతంలో కొన్ని రోజుల పాటు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను లోపలికి అనుమతించి గడ్డి కోసుకోనిస్తారు. కప్పు నేయడానికి పనికొచ్చేదాన్ని ఖర్ అని, గోడల తడికలకు వాడే లావుపాటి కాడలను ఖడాయి అని వాళ్ళు వేరుగా గుర్తిస్తారు. ఈ అనుమతి రోజుల సంఖ్య ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది; రేకులు, సిమెంటు వచ్చాక గడ్డిల్లూ తగ్గాయి. కోత వల్ల కుందేలుకు ఇబ్బంది లేదని కాదు. కోత తరువాత మిగిలినదాన్ని కాల్చడం దానికి తోడవుతుంది. అయినా కొడవలి పట్టిన మనిషి నడుచుకుంటూ, తనకు కావలసిన గడ్డిని ఎంచుకుంటూ కోస్తుంది, మిగతాది వదిలేస్తుంది. మంటకు ఆ ఎంపిక ఉండదు. కోతకు ముక్కలు పంచి, వంతులు పెట్టి, కొన్ని పట్టీలను ముట్టుకోకుండా ఉంచమని ఒప్పందం చేసుకుంటే, అదే జనం కుందేలుకు మేలు చేసినవాళ్ళవుతారు.

దీని వెనక ఇంకా లోతైన అలవాటు ఒకటుంది. బ్రిటిషు కాలపు అటవీశాఖ దృష్టిలో కలప ఇచ్చేదే అడవి. గడ్డి మైదానం అంటే చెట్లు లేని ఖాళీ జాగా, నాటాల్సిన జాగా. తెరాయి గడ్డినేలల్లో ఎన్నోచోట్ల అలాగే చెట్లు నాటారు. ఆ చూపు ఇంకా పోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2000 నుంచి రూపొందిస్తూ వచ్చిన బంజరు భూముల అట్లాస్‌లో, తుప్పలతో, పచ్చికతో ఉన్న బయలు నేలలు బంజరు లెక్కలోకే వస్తాయి. అట్లాస్ తయారుచేసినవాళ్ళ నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. వాళ్ళకు ఇచ్చిన నిర్వచనాలే అలాంటివి. కానీ ఒక నేలను బంజరు అని కాగితం మీద రాశాక, దాన్ని 'అభివృద్ధి' చేయడం ప్రభుత్వానికి పుణ్యకార్యమవుతుంది. నంద్యాల జిల్లా రోళ్ళపాడు చుట్టూ బయలు నేలలు సాగులోకి వచ్చాక బట్టమేకపిట్టకు ఏమైందో మనం చూశాం. ఆ గడ్డి వేరు, ఈ గడ్డి వేరు, కానీ రెండింటినీ చూసిన చూపు ఒకటే.

ఉద్యానాల లోపల ఇంకా నెమ్మదైన శత్రువు కలుపు. మానస్‌లో క్రోమోలీనా, మికేనియా అనే విదేశీ మొక్కలు గడ్డినేలల్లోకి చొరబడుతున్నాయి. మికేనియా గడ్డి మీదికి తీగలా పాకి కప్పేస్తుంది, క్రోమోలీనా పొదలుగా లేచి గడ్డికి చోటివ్వదు. అస్సాంలో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ సాగిన బోడోలాండ్ అల్లర్ల కాలంలో మానస్ ఎంత దెబ్బతిన్నదో తెలిసినవాళ్ళకు ఈ విషయం అర్థమవుతుంది. కావలి శిబిరాలు కాలిపోయి, ఖడ్గమృగాలు ఒక్కటీ మిగలకుండా పోయి, 1992లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో పెట్టింది, 2011లో తీసివేసింది. ఆ పునరుజ్జీవనం గొప్పదే, ఖడ్గమృగాలను మళ్ళీ తెచ్చి వదిలారు, పులులు పెరిగాయి. కానీ జాబితా నుంచి బయటపడిన రోజున గడ్డి ఎంత మిగిలిందన్నది ఎవరి పండుగలోనూ మాట కాలేదు.

వేరే దేశాల సంగతి చూస్తే, కుందేలు జాతులను కాపాడడం అసాధ్యమేమీ కాదని తెలుస్తుంది. జపాన్‌లోని అమామీ దీవిలో నల్లటి అమామీ కుందేలును పీడించినది విషసర్పాలను చంపడానికని 1979లో తెచ్చి వదిలిన ముంగిసలు. ప్రభుత్వం దశాబ్దాల పాటు బోనులు పెట్టి, కుక్కలతో వెతికించి, చివరికి 2024 సెప్టెంబరులో ఆ దీవిలో ముంగిసలు లేవని ప్రకటించింది. కుందేళ్ళు తిరిగి పెరిగాయి. అక్కడ శత్రువు బయటినుంచి వచ్చింది, దాన్ని వెళ్ళగొట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. మెక్సికో నగరం చుట్టూ ఉన్న అగ్నిపర్వతాల మీది కురచ చెవుల కుందేలు పరిస్థితే మనదానికి దగ్గర: అక్కడ కూడా అది దాక్కునే దుబ్బు గడ్డిని పశువుల మేత చిగురు కోసం కాలుస్తారు, అక్కడ కూడా అది ప్రమాదంలోనే ఉంది. శత్రువు ముంగిస అయితే ఓడించగలిగిన మనిషి, శత్రువు తన అలవాటు అయినప్పుడు తడబడుతున్నాడు.

మన దగ్గరే ఒక ఆశ ఉంది, అది మరుగుజ్జు అడవిపంది రూపంలో ఉంది. 1990 దశకం మధ్యలో మానస్ నుంచి కొన్ని పందులను పట్టి గువాహటి దగ్గర పెంచడం మొదలుపెట్టారు. 2008 నుంచి సోనాయ్ రూపాయ్‌లో, ఆ తరువాత ఒరాంగ్‌లో, 2016లో బర్నదీలో, 2020లో మానస్‌లో వాటి సంతానాన్ని వదులుతూ వచ్చారు. పందిని వదలాలంటే ముందు గడ్డి సిద్ధంగా ఉండాలి కాబట్టి, ఆ కార్యక్రమం నడిపినవాళ్ళు అటవీ సిబ్బందితో కూర్చుని మంటల వేళలు మాట్లాడారు, కలుపు తీయించారు, ఎక్కడ గడ్డి మిగలాలో చూసుకున్నారు. 2019లో ఆ పందిని ఎర్ర జాబితాలో అతి తీవ్ర ప్రమాదం నుంచి ఒక మెట్టు దింపారు. ఆ గడ్డిలో కుందేలుకూ చోటు దొరుకుతుంది. అయితే కుందేలు కోసమంటూ ఆ స్థాయి కార్యక్రమం లేదు. పంది లేని ఉద్యానాల్లో, అంటే తెరాయిలో పడమటి సగమంతటా, దాని తరఫున మాట్లాడడానికి ఎవరూ లేరు.

చేయాల్సింది ఖరీదైన పని కాదన్నదే నా అసహనానికి కారణం. నాలుగేళ్ళకోసారి దేశమంతటా జరిగే పులుల గణనలో, అటవీ సిబ్బంది ఇప్పటికే గీతల వెంట నడిచి, 2 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న పట్టీల్లో గడ్డిమేసే జంతువుల పెంటికలను లెక్కపెడుతున్నారు. తెరాయి ఉద్యానాల వరకు ఆ నడకలో దొరికిన కుందేలు పెంటికలను సంచిలో వేసి, అవి ఏ జాతివో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చగలిగితే, 10కీ 500కీ మధ్య ఎక్కడున్నామో కొంతైనా తెలుస్తుంది. దానితో పాటు అటవీశాఖ ప్రతి రేంజిలోనూ ఒక రిజిస్టరు ఉండాలి: ఏ తేదీన, ఏ బ్లాకులో, ఎన్ని హెక్టార్లు కాల్చారు, ఎంత వదిలేశారు, అది అధికారులు పెట్టిన మంటా, బయటినుంచి వచ్చిన మంటా. ఆ రిజిస్టరును ఉపగ్రహ చిత్రాలతో సరిచూడడం ఇప్పుడు కష్టమైన పని కాదు. పులుల అభయారణ్యాలకు జరిగే యాజమాన్య మదింపులో, జనవరి తరువాత కాలిన విస్తీర్ణానికి మార్కులు కోసే ఒక్క వరుస చేర్చితే, ఫిబ్రవరిలో అగ్గిపెట్టె తీసే ముందు రేంజి అధికారి ఒకసారి ఆగి, ఆ బ్లాకు వంతు ఈ ఏడాదా, వచ్చే ఏడాదా అని చూసుకుంటాడు.